ఎంపరర్ అంటే సరిపోదు: చైనా ‘హ్వాంగ్‌డీ’ విశేషాలు

ఇంగ్లీషులో చైనా చరిత్ర పుస్తకం ఏది తెరిచినా ‘ఎంపరర్’ అన్న మాట పేజీ పేజీకీ తగులుతుంది. క్రీ.పూ. 221 నుంచి 1912 దాకా, అంటే 2,100 ఏళ్ళకు పైగా, అక్కడ గద్దె ఎక్కినవారందరికీ ఇంగ్లీషువారు అదే మాట వాడారు. అది లాటిన్ ‘ఇంపెరాటోర్’ నుంచి వచ్చింది. యుద్ధం గెలిచిన సేనాపతికి రోమన్ సైనికులు జేజేలు కొడుతూ ఇచ్చిన పేరు అది. చైనీయుల అసలు బిరుదు ‘హ్వాంగ్‌డీ’. ఆ రెండక్షరాల్లో సైన్యం ఊసే లేదు. ఆ బిరుదు ఎవరికి చెల్లుతుందన్న పట్టింపుతో ఉత్తరాలు వెనక్కి వెళ్ళాయి, రాయబారాలు చెడిపోయాయి, ఒక రాజు తనకంటే పదేళ్ళు చిన్నవాణ్ణి ‘తండ్రీ’ అని పిలవవలసి వచ్చింది. ఇంగ్లీషు మాట వెనక మరుగున పడ్డ ఈ సంగతులు తెలుగు పాఠకులకు చేరాలి.

మంత్రులు చెప్పింది ఒకటి, రాజు పెట్టుకున్నది ఒకటి

చిన్ రాజ్యాన్ని ఏలిన జెంగ్ క్రీ.పూ. 230 నుంచి 221 లోపు ఆరు పొరుగు రాజ్యాలను ఒక్కొక్కటిగా మింగేశాడు. అంతవరకూ అతని బిరుదు ‘వాంగ్’, అంటే రాజు. ఓడిపోయిన ఆరుగురూ వాంగ్‌లే. గెలిచినవాడికీ ఓడినవాళ్ళకూ ఒకే బిరుదేమిటన్నది అతని పట్టుదల. కొత్త బిరుదు ఆలోచించమని వాంగ్ వాన్, ఫెంగ్ జ్యే, లీ సి అనే ముగ్గురు పెద్ద అధికారులకు చెప్పాడు. వాళ్ళు పండితులతో చర్చించి ‘తాయ్‌హ్వాంగ్’ అన్న బిరుదు తెచ్చారు. పురాణకాలపు ముగ్గురు ‘హ్వాంగ్’లలో మహోన్నతుడికి ఉన్న పేరు అది.

రాజు ‘తాయ్’ తీసేసి ‘హ్వాంగ్’ ఉంచుకుని, దానికి పూర్వపు పుణ్యపురుషులైన రాజుల బిరుదు ‘డీ’ని జోడించాడు. ఈ ‘డీ’ మరీ పాతది. షాంగ్ వంశం నాటి ఎముకల శాసనాల్లో అది అందరికన్నా పైనున్న దేవుడి పేరు. అంటే చైనా మొదటి చక్రవర్తి తన పేరులో దేవుణ్ణి కూడా కలుపుకున్నాడు.

తనను ‘షి హ్వాంగ్‌డీ’, అంటే మొదటి హ్వాంగ్‌డీ అనాలన్నాడు. తన తరువాతివారు రెండో, మూడో అని లెక్కపెట్టుకుంటూ పదివేల తరాలు సాగాలన్నాడు. రాజు పోయాక అతని గుణాన్ని బట్టి పేరు పెట్టే పాత ఆచారాన్ని కొట్టివేశాడు. కొడుకు తండ్రిని, సేవకుడు రాజును తూచడం తగదన్నది అతను చెప్పిన కారణం. రెండో హ్వాంగ్‌డీ క్రీ.పూ. 207లో చచ్చిపోయాడు. తరువాత వచ్చిన జియింగ్ మళ్ళీ ‘వాంగ్’ అన్న బిరుదుకే దిగి, 46 రోజులు ఏలి లొంగిపోయాడు. వంశం పోయింది గానీ బిరుదు పోలేదు.

‘నేను’ అనే హక్కు

హ్వాంగ్‌డీ బిరుదు పెట్టుకున్న ఏడాదే ఇంకో ఆజ్ఞ వెలువడింది. ‘జెన్’ అంటే పాత చైనీస్ భాషలో ‘నేను’, ‘నా’. అంతకుముందు ఎవరైనా వాడుకునే మాటే. కవి చూ యువాన్ ‘లీ సావ్’ కావ్యంలో తన గురించి చెప్పుకుంటూ దాన్నే వాడాడు. క్రీ.పూ. 221 నుంచి ఆ మాట ఒక్క హ్వాంగ్‌డీ సొంతం. ఇంకెవరూ నోరెత్తి ‘జెన్’ అనకూడదు. ఆస్తులు, భూములు లాక్కున్న రాజులు చాలామంది ఉన్నారు. భాషలోంచి ఒక సర్వనామాన్ని లాక్కున్న రాజు అరుదు. ఇంగ్లీషు అనువాదకులు దీన్ని తమ రాజులు వాడే ‘మేము’తో సరిపెట్టారు.

అంతకుముందే ఒక ప్రయత్నం

క్రీ.పూ. 288లో చిన్ రాజు ‘పడమటి డీ’ అని, చీ రాజు ‘తూర్పు డీ’ అని ప్రకటించుకున్నారు. పొరుగువాళ్ళు ఊరుకోరని తెలిసి ఇద్దరూ కొద్ది నెలల్లోనే మళ్ళీ ‘వాంగ్’లైపోయారు.

ఇద్దరు హ్వాంగ్‌డీలు

చైనీయులు తమ మూలపురుషుడిగా తలచే పురాణరాజు పేరు కూడా చెవికి ‘హ్వాంగ్‌డీ’యే. ఇంగ్లీషులో ‘ఎల్లో ఎంపరర్’ అంటారు. కానీ ఆ ‘హ్వాంగ్’ పసుపురంగు, ఈ ‘హ్వాంగ్’ మహోన్నతి. పలుకు ఒకటే, రాసే అక్షరం వేరు. రోమన్ లిపిలో రాసేసరికి రెండూ కలిసిపోయి చదివేవాళ్ళను తికమక పెడతాయి.

ఒకే వాంగ్, ఒకచోట కింగ్, ఒకచోట ప్రిన్స్

క్రీ.పూ. కాలపు జో వంశపు ‘వాంగ్’ను ఇంగ్లీషువారు ‘కింగ్’ అంటారు. 1860లో పెకింగ్ ఒప్పందాల మీద సంతకం చేసిన చింగ్ రాజకుటుంబీకుడు గోంగ్ కూడా ‘వాంగ్’ హోదా ఉన్నవాడే, కానీ ఇంగ్లీషులో అతను ‘ప్రిన్స్ గోంగ్’. హ్వాంగ్‌డీ పుట్టాక ‘వాంగ్’ మెట్టు దిగింది. తమ్ముళ్ళకూ కొడుకులకూ సామంతులకూ ఇచ్చే బిరుదయింది. ఇంగ్లీషు అనువాదం ఆ దిగుడును రెండు వేర్వేరు మాటల్లో దాచేసింది.

దీనికి తిరగేసిన కథ రోమ్‌ది. క్రీ.శ. 166లో సముద్రం మీదుగా హాన్ రాజధానికి కొందరు వచ్చి, తాము ‘దాచిన్’ దేశపు ఆన్‌దున్ పంపిన దూతలమన్నారు. దాచిన్ అంటే రోమన్ సామ్రాజ్యం, ఆన్‌దున్ అంటే ఆంటోనినస్. అప్పుడు గద్దె మీదున్నది మార్కస్ ఆరేలియస్ ఆంటోనినస్. ఇంగ్లీషువారి లెక్కలో అసలు సిసలు ఎంపరర్ అతనే. చైనా రాజవంశ చరిత్ర మాత్రం అతన్ని దాచిన్ ‘వాంగ్’ అని రాసుకుంది. హ్వాంగ్‌డీ ఒక్కడే ఉంటాడు, అతను మన దగ్గరే ఉన్నాడన్నది వాళ్ళ నమ్మకం.

ఇక్కడే నాకు మన ‘చక్రవర్తి’ నచ్చుతుంది. ఒక లోకంలో ఒకే కాలంలో ఇద్దరు చక్రవర్తులు పుట్టరని బౌద్ధ గ్రంథాలు చెబుతాయి. ఒక ఒరలో రెండు కత్తులు ఇమడవన్నట్టు. యూరప్‌లో రష్యాకొకడు, ఆస్ట్రియాకొకడు, ఫ్రాన్స్‌కొకడు ఏకకాలంలో ఎంపరర్లయి కూర్చున్నారు. ఆ మాటకన్నా మన మాటే హ్వాంగ్‌డీకి దగ్గర.

పదేళ్ళు చిన్నవాడు తండ్రి, ఓడించినవాడు బాబాయి

సిద్ధాంతం అలా ఉన్నా, నిజంగా ఇద్దరు హ్వాంగ్‌డీలు ఎదురుపడితే ఏం చేశారన్నది ఇంకా గొప్ప కథ. వాళ్ళు చుట్టరికం కలుపుకున్నారు.

936లో సేనాపతి షి జింగ్‌తాంగ్ ఉత్తరాది ఖితాన్ పాలకుడి సాయంతో గద్దెనెక్కాడు. సాయానికి బదులుగా 16 జిల్లాలు వదులుకున్నాడు. తనను ‘కొడుకు హ్వాంగ్‌డీ’ అని, ఖితాన్ పాలకుణ్ణి ‘తండ్రి హ్వాంగ్‌డీ’ అని రాయవలసి వచ్చింది. షి పుట్టింది 892లో, ‘తండ్రి’ పుట్టింది 902లో. చైనా చరిత్రకారులు అతన్ని ఇప్పటికీ క్షమించలేదు.

1005లో సోంగ్ చక్రవర్తి, ఖితాన్‌ల ల్యావ్ చక్రవర్తి షాన్‌యువాన్ దగ్గర సంధి చేసుకున్నారు. ఏడాదికి లక్ష తాయెల్‌ల (చైనా తూకం) వెండి, రెండు లక్షల తానుల పట్టు సోంగ్ ఇవ్వాలి. బిరుదు దగ్గర మాత్రం సమానత్వం: ఇద్దరూ హ్వాంగ్‌డీలే. సోంగ్ పాలకుడు వయసులో పెద్ద కనుక అన్న, ల్యావ్ పాలకుడు తమ్ముడు. ఈ అన్నదమ్ముల వరస నూరేళ్ళకు పైగా శాంతిని నిలిపింది. డబ్బు ఇచ్చినవాడు అన్న కాబట్టి పరువు దక్కింది, పుచ్చుకున్నవాడికి పట్టు దక్కింది. దౌత్యంలో ఇంత తెలివైన ఏర్పాటు నాకు మరొకటి తెలియదు.

తరువాత ఉత్తరాన జిన్ వంశం వచ్చి సోంగ్‌ను చావుదెబ్బ కొట్టింది. 1141 సంధిలో సోంగ్ చక్రవర్తి తనను జిన్‌కు ‘సేవకుణ్ణి’ అని రాసుకోవలసి వచ్చింది. 1164లో కుదిరిన కొత్త సంధితో ఆ అవమానం తొలగి, జిన్ చక్రవర్తి ‘బాబాయి’, సోంగ్ చక్రవర్తి ‘అన్న కొడుకు’ అయ్యారు. మళ్ళీ యుద్ధం జరిగి సోంగ్ ఓడిపోయాక, 1208లో జిన్ చక్రవర్తి హోదా పెరిగి ‘పెదనాన్న’ అయ్యాడు. ఇంగ్లీషు పుస్తకాల్లో రెండుచోట్లా ‘అంకుల్’ అనే ఉంటుంది కనుక 1208లో మారిందేమిటో వాళ్ళకు పట్టదు. తెలుగువాడికి విడమరిచి చెప్పనక్కర లేదు. బాబాయికీ పెదనాన్నకూ మన ఇళ్ళలో ఎంత తేడా ఉందో అందరికీ తెలుసు.

ఒకే ఒక్క స్త్రీ, ఆమె వెనక కృష్ణాతీరం

చైనా చరిత్రలో హ్వాంగ్‌డీ బిరుదు ధరించి ఏలిన స్త్రీ ఒక్కరే, వూ జెతియెన్. 690లో గద్దెనెక్కి 705 దాకా పాలించింది. ఇంగ్లీషులో ఆమె ‘ఎంప్రెస్ వూ’. ఇక్కడ ఇంగ్లీషు ఘోరంగా తడబడుతుంది. చక్రవర్తి భార్య ‘హ్వాంగ్‌హౌ’ కూడా వాళ్ళకు ఎంప్రెస్సే, చక్రవర్తి తల్లి ‘హ్వాంగ్‌తాయ్‌హౌ’ కూడా ఎంప్రెస్సే, స్వయంగా ఏలిన వూ కూడా ఎంప్రెస్సే. వూ వీటిలో మొదటి రెండూ అయింది, ఆ తరువాతే మూడోదయింది. గద్దెనెక్కినప్పుడు ఆమె ఆడవాళ్ళ కోసం వేరే బిరుదు పుట్టించుకోలేదు. మగవాళ్ళు ధరించిన ‘హ్వాంగ్‌డీ’నే ధరించింది. కాకతీయ రుద్రమదేవి శాసనాల్లో ‘రుద్రదేవ మహారాజు’ అని ఉండటం చూసిన మనకు ఆమె ఆలోచన సులభంగానే అర్థమవుతుంది.

స్త్రీ ఏలవచ్చునని కన్ఫ్యూషియస్ గ్రంథాల్లో ఎక్కడా ఆధారం దొరకదు. వూ పక్షాన ఉన్న బౌద్ధ భిక్షువులు ‘మహామేఘ సూత్రం’ తీశారు. అందులో ఒక జోస్యం ఉంది. దక్షిణ భారతంలో ఒక రాజ్యం, ‘నలుపు’ అని అర్థమిచ్చే పేరున్న నది, దాని దక్షిణపు ఒడ్డున పండిన ధాన్యం పేరుతో ఒక నగరం, అక్కడి రాజుకు ఒక కూతురు. తండ్రి తరువాత ఆ అమ్మాయే రాజ్యానికి వస్తుందని, దేశాలు ఆమెకు లోబడతాయని ఆ సూత్రం చెబుతుంది. నలుపు నదిని కృష్ణగా, ధాన్యపు నగరాన్ని ధాన్యకటకంగా, రాజును శాతవాహనుడిగా పండితులు పోల్చుకున్నారు. ఆ రాజకుమార్తే మా వూ అని భిక్షువులు వ్యాఖ్యానం రాశారు. ఆమె ఆ వ్యాఖ్యానాన్ని 690లో దేశమంతటా పంచిపెట్టించింది. కృష్ణ ఒడ్డున నడిచిన ఒక కథ లోయాంగ్‌లో ఒక స్త్రీని గద్దెనెక్కించడానికి సాక్ష్యంగా నిలిచిందంటే, మన పాఠ్యపుస్తకాల్లో దీనికి ఒక పేరా అయినా ఉండాలి.

693లో ఆమె తన బిరుదుకు ‘బంగారు చక్రం’ అన్న మాట కూడా చేర్చుకుంది. బౌద్ధుల లెక్కలో చక్రవర్తులు నాలుగు తరగతులు: బంగారు, వెండి, రాగి, ఇనుప చక్రాలవారు. బంగారు చక్రం కలవాడు నాలుగు దిక్కులకూ ప్రభువు. అదే ఏడాది దక్షిణ భారతం నుంచి వెళ్ళిన బోధిరుచి అనే భిక్షువు ఆమె కోసం ‘రత్నమేఘ సూత్రా’న్ని అనువదించాడు. అందులోనూ ఆమె రాక గురించిన జోస్యం కనిపిస్తుంది. జగ్గయ్యపేట స్తూపం దగ్గర దొరికిన ప్రసిద్ధ చక్రవర్తి శిల్పం చూసినవారికి ఈ బిరుదు కొత్తగా తోచదు. మేఘాల్లోంచి నాణేలు కురుస్తుండగా, చక్రం, ఏనుగు, గుర్రం, మణి, రాణి వంటి సప్తరత్నాల నడుమ నిలబడిన రాజు అందులో కనిపిస్తాడు. ఆ ఫలకం ఇప్పుడు చెన్నై మ్యూజియంలో ఉంది.

705లో ఆమెను గద్దె దింపారు. అదే ఏడాది చివర చనిపోతూ, తన పేరు నుంచి హ్వాంగ్‌డీ తీసేసి ‘హ్వాంగ్‌హౌ’ అనే రాయమని చెప్పి వెళ్ళింది. చక్రవర్తిగా కన్నా భర్త పక్కన భార్యగా సమాధి కావాలనుకుంది.

చైనా ప్రభువు కూడా నరపతే

హ్యుయాన్ త్సాంగ్ తన యాత్రా గ్రంథం మొదట్లో జంబూద్వీపాన్ని నలుగురు ప్రభువులకు పంచాడు. దక్షిణాన ఏనుగుల ప్రభువు, పడమర రత్నాల ప్రభువు, ఉత్తరాన గుర్రాల ప్రభువు, తూర్పున మనుషుల ప్రభువు. ఏనుగులవాడు భారతదేశపు రాజు, మనుషులవాడు చైనా చక్రవర్తి. గజపతి, అశ్వపతి, నరపతి అన్న మాటలు మన చరిత్రలో ఎంత పరిచితమో! ‘రాయవాచకం’ చెప్పే మూడు సింహాసనాలూ ఇవే: ఒడ్ర గజపతులవి, ఢిల్లీ అశ్వపతులవి, విజయనగర నరపతులవి. కృష్ణదేవరాయలకు దాదాపు 9 వందల ఏళ్ళ ముందు, మన దేశంలో విన్న లెక్క ప్రకారం ఒక చైనా భిక్షువు ‘నరపతి’ స్థానాన్ని తన ప్రభువుకు ఇచ్చాడు.

దేవపుత్రుడు

హ్వాంగ్‌డీకి ఇంకో పేరు ‘తియెన్‌జి’, ఆకాశపుత్రుడు. ఇది హ్వాంగ్‌డీకన్నా పాతది, జో రాజుల నాటిది. ఆకాశం ఇచ్చిన ఆజ్ఞతో ఏలుతున్నాడని, చెడ్డగా ఏలితే ఆకాశం ఆ ఆజ్ఞను వెనక్కి తీసుకుంటుందని భావం. వరదలు, కరువులు వస్తే జనం ఆకాశపు మనసు మారిందా అని చూసేవారు.

మన వైపు కుషాణులు ‘దేవపుత్ర’ అని పెట్టుకున్నారు. అటక్ దగ్గరి ఆరా శాసనంలో ఒక కనిష్కుడికి మహారాజ, రాజాతిరాజ, దేవపుత్ర, కైసర అని నాలుగు బిరుదులు చదివారు. భారతదేశం, ఇరాన్, చైనా, రోమ్ నాలుగింటి గౌరవాలనూ ఒకే పంక్తిలో పేర్చుకున్నాడని చాలామంది చరిత్రకారుల అభిప్రాయం.

పర్షియన్లు తియెన్‌జిని ‘ఫగ్‌ఫూర్’ అన్నారు, దేవుడి కొడుకని అర్థం. మార్కో పోలో దక్షిణ సోంగ్ చక్రవర్తిని ‘ఫాక్‌ఫుర్’ అని రాశాడు. అది బిరుదన్న సంగతి పట్టక, మనిషి పేరుగా చదివినవాళ్ళే ఎక్కువ. తుర్కీలో పింగాణీకి ‘ఫఘ్‌ఫూర్’ అన్న పేరు కూడా దీన్నుంచే.

ఒకే మనిషి, ఎన్నో గద్దెలు

630లో తూర్పు తుర్కులను ఓడించాక తాంగ్ చక్రవర్తి తాయ్‌జోంగ్‌ను గడ్డిభూముల నాయకులు ‘ఆకాశ ఖాన్’ అన్నారు. చైనీయులకు హ్వాంగ్‌డీ, వాళ్ళకు ఖాన్. చింగ్ చక్రవర్తులు ఇంకో మెట్టెక్కి, చైనీయులకు హ్వాంగ్‌డీగా, మంగోలులకు ఖాన్‌గా, టిబెట్ బౌద్ధులకు మంజుశ్రీ బోధిసత్త్వుడిగా కనిపించారు. రష్యన్లు మంగోలుల నుంచి విని వాళ్ళను ‘బొగ్దిఖాన్’ అన్నారు. ఇంగ్లీషువారు మాత్రం ఎవరికైనా ఎంపరర్ అన్న ఒక్క చొక్కానే తొడిగారు.

కాంగ్‌షీ అనేది పేరు కాదు

కాంగ్‌షీ, చియెన్‌లోంగ్, యోంగ్‌ల అన్నవి మనుషుల పేర్లు కావు, పాలనాకాలపు పేర్లు. మన శకాల్లాగా ఏళ్ళు లెక్కపెట్టడానికి పెట్టుకున్నవి. కాంగ్‌షీ అసలు పేరు శ్వెన్‌యె. అందుకే జాగ్రత్తపరులైన ఇంగ్లీషు చరిత్రకారులు ఆ మాటను ముందు పెట్టి, ‘ఎంపరర్’ను తరువాత పెడతారు. తెలుగులో ‘కాంగ్‌షీ చక్రవర్తి’ అని మనం సహజంగానే సరిగ్గా రాస్తాం.

చక్రవర్తి అసలు పేరు పలకడం, రాయడం అప్పట్లో తప్పు. ఆ అక్షరం ఎక్కడున్నా మార్చేవారు. బీజింగ్ రాజప్రాసాదపు ఉత్తర ద్వారం ‘శ్వెన్‌వు’, కాంగ్‌షీ పేరులో ‘శ్వెన్’ ఉన్నందుకు ‘షెన్‌వు’ అయింది, ఇప్పటికీ అదే పేరు. హాన్ వంశపు శ్వెన్ చక్రవర్తి దయగలవాడు. తన పేరులోని అక్షరాలు జనం రోజూ వాడేవి కావడంతో వాళ్ళకు ఇబ్బంది కలుగుతోందని, క్రీ.పూ. 64లో తన పేరునే అరుదైన అక్షరానికి మార్చుకున్నాడు. ఈ వరసలో నా అభిమానం అతనికే.

‘డీ’ లేని తండ్రి

హాన్ వంశ స్థాపకుడు ల్యూ బాంగ్ రైతుకుటుంబంలో పుట్టినవాడు. చక్రవర్తి అయ్యాక కూడా ఐదు రోజులకోసారి వెళ్ళి తండ్రికి దండం పెట్టేవాడు. ఆకాశంలో ఇద్దరు సూర్యులుండరని, చక్రవర్తి ఎవరికీ వంగరాదని తండ్రి దగ్గరి సేవకుడు నచ్చజెప్పాడు. తరువాతిసారి తండ్రే చీపురు పట్టుకుని వాకిట్లో కొడుక్కి ఎదురొచ్చాడు. ల్యూ బాంగ్ కంగారుపడి, క్రీ.పూ. 201లో తండ్రికి ‘తాయ్‌షాంగ్‌హ్వాంగ్’ బిరుదిచ్చాడు. అందులో ‘హ్వాంగ్’ ఉంది, ‘డీ’ లేదు. గౌరవం ఉంది, అధికారం లేదు. తరువాతి కాలంలో గద్దె దిగిన చక్రవర్తులకు ఇదే బిరుదయింది. తాత కాంగ్‌షీ 61 ఏళ్ళ పాలనను దాటరాదని 1796లో గద్దె దిగిన చియెన్‌లోంగ్ కూడా దీన్నే ధరించాడు, అధికారం మాత్రం వదల్లేదు.

పదివేలు, తొమ్మిది వేలు

చక్రవర్తికి జేజే ‘వాన్‌స్వెయ్’, పదివేల ఏళ్ళు. జపాన్‌వారి ‘బాన్‌జాయ్’ కూడా అవే అక్షరాలు. మింగ్ వంశపు తియెన్‌చీ చక్రవర్తి కాలంలో వెయ్ జోంగ్‌శ్యెన్ అనే అంతఃపుర నపుంసకుడు రాజ్యాన్ని గుప్పిట పట్టాడు. భజనపరులు అతన్ని ‘తొమ్మిది వేల ఏళ్ళు’ అనేవారు. 1627లో కొత్త చక్రవర్తి రాగానే ఉరిపోసుకున్నాడు.

మద్రాసు గవర్నరు మోకాలు

1793 సెప్టెంబరు 14న చెంగ్‌డేలో చియెన్‌లోంగ్ ఎదుట ఒంటి మోకాలి మీద వంగిన బ్రిటిష్ రాయబారి లార్డ్ మెకార్ట్నీ మద్రాసుకు పాతకాపే. 1781 నుంచి 1785 దాకా అక్కడ గవర్నరు. ఉత్తర సర్కారులు అతని ఏలుబడిలోనివే. నేలకు నుదురు తాకించే ‘కోటౌ’ చేయనని అతను పట్టుబట్టిన సంగతి అందరూ చెబుతారు. బిరుదుల సంగతి తక్కువమంది చెబుతారు. చియెన్‌లోంగ్ రాసిన జవాబులో మూడో జార్జి ‘వాంగ్’. జార్జి నిజంగానే రాజు కనుక ఇంగ్లీషువారికి అందులో లోటు కనిపించలేదు. కానీ చింగ్ లెక్కలో వాంగ్ అంటే కొరియా రాజు, అన్నాం (వియత్నాం) రాజు కూర్చునే వరస. రాయబారి పడవల మీద ఎగిరిన జెండాలు కూడా ‘కప్పం తెచ్చిన దూత’ అనే చెప్పాయి.

ఆ లెక్కలన్నీ 50 ఏళ్ళకు తిరగబడ్డాయి. నల్లమందు యుద్ధంలో తెలుగువారిని, తమిళులను కలిపి చేర్చుకున్న మద్రాసు సైన్యపు సిపాయిలు కూడా కాంటన్ దగ్గర పోరాడారు. 1842 ఆగస్టు 29న నాన్‌కింగ్ ఒప్పందం కుదిరింది. ఇంగ్లీషు ప్రతిలో చైనాకు ఎంపరర్, బ్రిటన్‌కు క్వీన్. చైనీస్ ప్రతిలో ‘మహా చింగ్ మహా హ్వాంగ్‌డీ’ ఎదుట విక్టోరియాకు దొరికింది ‘జున్‌జు’, అంటే ఏలిక. అది వాంగ్ కాదు, హ్వాంగ్‌డీ కూడా కాదు. 1858 తియెన్‌జిన్ ఒప్పందంలో 51వ క్లాజు ఏకంగా ఒక చైనీస్ అక్షరాన్ని నిషేధించింది. విదేశీయులను ఉద్దేశించే ‘యి’ అనే అక్షరం బ్రిటిష్ ప్రభుత్వం గురించి గానీ ప్రజల గురించి గానీ ఏ అధికార పత్రంలోనూ రాయకూడదు.

దేవుడి బిరుదు దేవుడికే

1851లో తిరగబడి నాన్‌జింగ్‌ను రాజధాని చేసుకున్న తాయ్‌పింగ్ నాయకుడు హోంగ్ శ్యూచ్వాన్ తనను ఏసుక్రీస్తు తమ్ముడిగా నమ్మాడు. అంత ధీమా ఉన్నా హ్వాంగ్‌డీ కాలేదు. ‘తియెన్‌వాంగ్’, ఆకాశరాజు అన్న బిరుదుతో ఆగాడు. ‘డీ’ అనేది ‘షాంగ్‌డీ’కి, అంటే పరమాత్మకే చెల్లుతుందని, చిన్ కాలం నుంచి ఆ మాట పెట్టుకున్నవాళ్ళందరూ దేవుణ్ణి దూషించినవారని అతని వాదం. ‘డీ’ పుట్టుక చూస్తే, 2 వేల ఏళ్ళ తరువాత ఆ మాటను దాని మొదటి సొంతదారుకు తిరిగి ఇచ్చినవాడు అతనే.

ఒక్క అక్షరంతో తెగిన మాటలు

607లో జపాన్ పంపిన లేఖలో అక్కడి పాలకులు కూడా ‘తియెన్‌జి’ అని రాసుకున్నారని స్వీ చక్రవర్తి యాంగ్‌డీ మండిపడ్డాడు. 1868లో మెయిజీ ప్రభుత్వం కొరియాకు పంపిన లేఖలో ‘హ్వాంగ్’ అక్షరం ఉంది. చైనా చక్రవర్తికి తప్ప ఎవరికీ అది చెల్లదని కొరియా ఆ లేఖను పుచ్చుకోలేదు, ఏళ్ళ తరబడి రెండు దేశాల మధ్య చిక్కు పడింది. అదే కొరియా రాజు గోజోంగ్ 1897 అక్టోబరులో తనను హ్వాంగ్‌డీ అని ప్రకటించుకున్నాడు. వియత్నాం పాలకులది తెలివైన పద్ధతి: ఇంట్లో హ్వాంగ్‌డీ, చైనాకు రాసే ఉత్తరంలో వాంగ్.

ఎంప్రెస్ కాని ఎంప్రెస్

అమెరికా నుంచి చైనాకు వెళ్ళిన మొదటి వ్యాపార నౌక పేరు ‘ఎంప్రెస్ ఆఫ్ చైనా’. 1784 ఫిబ్రవరి 22న న్యూయార్క్ నుంచి జిన్‌సెంగ్ వేళ్ళ సరుకుతో బయల్దేరి ఆగస్టులో కాంటన్ చేరింది.

ఆ పేరు తలిస్తే ఇప్పుడు అందరికీ గుర్తొచ్చేది త్సిషీ. 1861 నుంచి 1908 దాకా తెర వెనక కూర్చుని రాజ్యం నడిపింది ఆమే. కానీ ఆమె ఏనాడూ హ్వాంగ్‌హౌ కాదు. శ్యెన్‌ఫెంగ్ చక్రవర్తికి ఉపపత్ని. భర్త పోయాక, కొడుకు చక్రవర్తి అయ్యాక, నేరుగా చక్రవర్తి తల్లి హోదా వచ్చింది.

చివరివాళ్ళు

1912 ఫిబ్రవరి 12న ఆరేళ్ళ పుయీ తరఫున రాజమాత లోంగ్‌యు గద్దె వదులుకుంది. కొత్త రిపబ్లిక్ అతనికి బిరుదు ఉంచింది, విదేశీ రాజుతో సమానంగా చూస్తామంది. 1915 డిసెంబరులో అధ్యక్షుడు యువాన్ షికాయ్ తానే హ్వాంగ్‌డీ కాబోతున్నానన్నాడు. దేశం భగ్గుమంటే 1916 మార్చిలో వెనక్కి తగ్గి, జూన్‌లో కన్నుమూశాడు. 1917 జులైలో సేనాపతి జాంగ్ శ్యున్ పుయీని మళ్ళీ గద్దెనెక్కించాడు, ఆ పాలన 12 రోజులు నిలిచింది. 1924లో పుయీని ప్రాసాదం నుంచి గెంటేశారు. 1934లో జపాన్ అతన్ని మంచూరియాలో తన చేతికింది చక్రవర్తిగా నిలబెట్టింది. తరువాత అతను సోవియట్ నిర్బంధంలోనూ, చైనా జైల్లోనూ గడిపి, 1959లో క్షమాభిక్ష పొందాడు. బీజింగ్ బొటానికల్ గార్డెన్‌లో పనిచేశాడు. ఆత్మకథకు అతను పెట్టిన పేరు ‘నా జీవితంలో మొదటి సగం’. ఇంగ్లీషు అనువాదం పేరు మాత్రం ‘ఫ్రమ్ ఎంపరర్ టు సిటిజన్’. అతను 1967లో పోయాడు.

ఇవాళ ప్రపంచంలో ఇంగ్లీషువారు ‘ఎంపరర్’ అని పిలిచే పాలకుడు ఒక్క జపాన్‌లోనే ఉన్నాడు. చైనీయులు అతన్ని హ్వాంగ్‌డీ అనరు. జపాన్‌వారి ‘తెన్నో’ అక్షరాలనే తమ పలుకులో ‘తియెన్‌హ్వాంగ్’ అని చదువుతారు.